హార్వీ మళ్లీ రాదు!

ఒకే పేరున్న ఇద్దరి జాతకాలు ఒకేలా ఉంటాయా? ఉండవు. తుపాన్లయినా అంతే. అట్లాంటిక్ మహాసముద్రంలో 'హార్వీ' పేరుతో 1981 నుంచి 2017 దాకా ఆరు తుపాన్లు వచ్చాయి. ఐదింటిని జనం ఎప్పుడో మర్చిపోయారు. ఆరోది మాత్రం ఓ మహానగరాన్ని ముంచేసి, జాబితాలోంచి ఆ పేరునే కొట్టేయించింది.

అట్లాంటిక్ తుపాన్ల కోసం ఆరు జాబితాలుంటాయి. ఏడాదికొకటి వాడతారు. ఒక్కోదాంట్లో 21 పేర్లు... ఓ ఆడ పేరు, ఓ మగ పేరు, ఆంగ్ల అక్షరక్రమంలో. ఏడో ఏట మళ్లీ మొదటి జాబితా. అంటే, బిడ్డ పుట్టకముందే పేరు ఖాయమన్నమాట! తుపాన్లు 'హెచ్' అక్షరం దాకా రాకపోతే ఆ ఏడాదికి హార్వీ లేనట్టే. 1987లో అదే జరిగింది.

1981 నాటి హార్వీ సామాన్యమైందేం కాదు. హరికేన్లను కొలిచే ఐదు కేటగిరీల్లో నాలుగోదానికి చేరింది. గాలి వేగం గంటకు 209 కిలోమీటర్ల పైమాటే. కానీ నడిసముద్రంలోనే తిరిగి చల్లారిపోయింది, నేలను తాకనే లేదు. 1993లో వచ్చిందీ సముద్రం దాటలేదు. 1999లో ఫ్లోరిడాలో వానలు, 2005లో బెర్ముడా దగ్గర్లో ఓ హడావుడి, 2011లో బెలీజ్ మీదుగా ఓ ప్రయాణం... అంతే.

2017లో వచ్చిన హార్వీ కూడా మొదట్లో పెద్దగా భయపెట్టలేదు. కరీబియన్ సముద్రంలో బలహీనపడి, తుపాను లక్షణాలే కోల్పోయింది. తీరా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని వెచ్చని నీళ్లమీదికి వచ్చాక మళ్లీ ప్రాణం పోసుకుంది. రెండు రోజుల్లోనే నాలుగో కేటగిరీకి చేరి, ఆగస్టు 25 రాత్రి టెక్సాస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది.

అసలు కథ ఆ తర్వాతే. మామూలుగా తీరం దాటిన తుపాను ముందుకు సాగిపోతుంది. దీన్ని ముందుకు నెట్టే గాలులు లేక అక్కడక్కడే తచ్చాడింది. సముద్రపు తేమను తోడుకుంటూ రోజుల తరబడి కుమ్మరించింది. నెదర్లాండ్ అనే చిన్న ఊళ్లో 1,539 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేదానికి ఇంచుమించు రెట్టింపు! హ్యూస్టన్‌లో ఆడిక్స్, బార్కర్ జలాశయాలు నిండిపోవడంతో గేట్లెత్తక తప్పలేదు. దిగువనున్న ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే నగరం కావడంతో ఇక్కడి కుటుంబాలకూ కంటిమీద కునుకు లేదు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో 200 మంది భారతీయ విద్యార్థులు పీకల్లోతు నీళ్ల మధ్య చిక్కుకున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మాస్వరాజ్ ప్రకటించారు. టెక్సాస్‌లో నేరుగా తుపాను వల్లే 68 మంది చనిపోయారు, వారిలో అత్యధికులను బలిగొన్నది గాలి కాదు... వరద. నష్టం 12,500 కోట్ల డాలర్లు.

అదే హ్యూస్టన్‌ను 2001లో ముంచిన 'అలిసన్' అసలు హరికేన్ స్థాయికే చేరలేదు. అయినా ఆ పేరునూ తీసేయాల్సి వచ్చింది. 'కత్రినా'దీ ఇలాంటి చరిత్రే. 1999లో నికరాగ్వాను తాకిన కత్రినా ఎంతమందికి గుర్తుంది? 2005 నాటిది న్యూ ఆర్లియన్స్‌ను ముంచాకే ఆ పేరు వింటే హడలిపోవడం మొదలైంది.

మన బంగాళాఖాతంలో ఈ గొడవ లేదు. 1977లో దివిసీమను, 1996లో కోనసీమను ఊడ్చేసిన తుపాన్లకు పేర్లే లేవు. ఊరి పేరే వాటి పేరైంది. ఎనిమిది దేశాలు కలిసి ఇచ్చిన 64 పేర్ల వాడకం 2004లో 'ఒనిల్'తో మొదలై, 2020లో 'ఆంఫన్'తో పూర్తయింది. ఇప్పుడు 13 దేశాలిచ్చిన 169 పేర్లున్నాయి. ఒకసారి వాడితే మళ్లీ వాడరు. 2014లో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ పేరు మరో తుపానుకు రాదు.

హార్వీ పేరును 2018 ఏప్రిల్‌లో ప్రపంచ వాతావరణ సంస్థ తొలగించి, దాని స్థానంలో 'హెరాల్డ్'ను చేర్చింది. ఆ కొత్త పేరుతో తొలి తుపాను 2023 ఆగస్టులో వచ్చింది. తీరం దాటింది ఎక్కడనుకున్నారు? మళ్లీ టెక్సాస్‌లోనే! అదృష్టం కొద్దీ బలహీనంగా వచ్చి, చకచకా వెళ్లిపోయింది. హెరాల్డ్ వంతు మళ్లీ 2029లో.