తాతల పేర్లు

అరకులోయ సంతలో ముక్కు మొగము నెరుగని ఇద్దరు కొండగ్రామవాసులు కలిసికొనిరనుకొందము. ఊరి పేరు తెలిసిన పిమ్మట ఒకరినొకరు వంశ మడుగుదురు. కొర్రా అనిన సూర్యుడు, కిల్లో అనిన పులి, పాంగి అనిన గ్రద్ద, వంతాల అనిన నాగుపాము, గొల్లోరి అనిన కోతి, కిముడు అనిన ఎలుగుబంటి. కొండదొర, కోటియా, పోర్జా, గదబ మున్నగు పెక్కు తెగలలో ఈ వంశములు కనబడుచున్నవి. ఒకే వంశమువారు అన్నదమ్ములతో సమానులు. వారి నడుమ పెండ్లి పొసగదు. కావున వంశము తెలియనిదే సంబంధము మాటలాడుటకు వీలులేదు. నేడు ఆ పేర్లే బడి పట్టికలలో ఇంటిపేర్లుగా ఎక్కినవి. ఒక్క అక్షరమైనను వ్రాయకయే తరతరములుగా నిలుపుకొనిన కుటుంబచరిత్ర ఇది.

వంశము నిలిచినంత సులభముగా మనిషి పేరు నిలువదు. ఈ కొండలలో పుట్టిన వారమును బట్టి బిడ్డకు పేరిడు వాడుక కలదు. బుధవారము పుట్టినవాడు బుద్రా, శుక్రవారము పుట్టినవాడు సుక్రా. ఆడపిల్లలైనచో బుద్రి, సుక్రి. వారమునకు ఏడు దినములే కదా! ఒక ఇంటి తాతయు సుక్రాయే, పొరుగింటి మనుమడును సుక్రాయే కావచ్చును. పట్నపు గుమాస్తా ఇద్దరిని ఒక్కరినిగా ఎంచిన ఆశ్చర్యమేమి?

పోయినవారిని తలచుకొనుటకు గదబలకు వేరొక మార్గము కలదు. అరకునకు పొరుగున ఒడిశాలోని కొరాపుట్ కొండలలో నివసించు గదబలు 'గోతర్' అను పెద్దకర్మ జరుపుదురు. ఒక తరములో చనిపోయిన వారికి, కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, ఒకేసారి దీనిని చేయుదురు. ఒక్కొక్క మృతునికి మారుగా ఒక్కొక్క ఎనుబోతును నిలిపి, దానికి అన్నము పెట్టి, బంధువులు దాని యెదుట విలపింతురు. మృతుల పేరిట పెద్దరాళ్లు నాటుదురు. మానవశాస్త్రజ్ఞుడగు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ ఆచారమును గూర్చి 1943లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ రాళ్లపై అక్షరములు లేవు. చూపి చెప్పు ముసలివారున్నంతవరకే అవి మాటలాడును. మాచ్‌ఖండ్ విద్యుత్ పథకమునకై జలాపుట్ జలాశయమును కట్టినపుడు పెక్కు గదబ, పోర్జా కుటుంబములు ఊళ్లు విడువవలసివచ్చెను. విత్తనములను మూటగట్టుకొనవచ్చును, పశువులను తోలుకొనిపోవచ్చును. పూర్వుల రాళ్లను మోసికొనిపోవుట ఎట్లు?

ఈ జ్ఞాపకములకు ఇప్పుడు భూమితో ముడిపడినది. 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టమును చేసెను. 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి అడవిభూమిని సాగుచేసికొని బ్రదుకుచున్న గిరిజనులు దానిపై హక్కు కోరవచ్చును. సాక్ష్యమేది? 2008 నాటి నియమములు ప్రభుత్వపు కాగితములనే గాక, పెద్దలు చెప్పగా వ్రాసిన వాఙ్మూలమును, పాత పత్రములలోని వ్యక్తివరకు సాగు వంశావళిని, శ్మశానములను, బావులను, పూజాస్థలములను గూడ సాక్ష్యములుగా అంగీకరించినవి. అయితే ఒకటికి మించిన సాక్ష్యము చూపవలెను. అవ్వ చెప్పిన పేరు, ఊరిబయటి రాయి గ్రామసభలో ఒకదానికొకటి తోడు నిలుచుచున్నవి.

వీనిని సేకరించుటకు బడిపిల్లలు చాలుదురు. ముసలివారిని సంవత్సరమడిగిన ప్రయోజనము తక్కువ. "తాతా, సీతారామరాజు పితూరీ నాటికి మీ నాయన పుట్టినాడా? మాచ్‌ఖండ్ కరెంటు వచ్చునప్పటికి నీవు ఎంతవాడవు? కిరండూల్ రైలుదారి వేయునప్పుడు ఈ పొలము ఎవరు దున్నిరి?" అని అడుగవలెను. పితూరీ 1922-24లో జరిగినది. మాచ్‌ఖండ్‌లో విద్యుదుత్పత్తి 1955లో మొదలైనది. రైలుదారి 1960 దశాబ్దములోనిది. ఈ మూడు గుంజలకు త్రాడు కట్టినచో తరములు వరుసలోనికి వచ్చును. పేరుతోబాటు తండ్రిపేరు, ఇల్లున్న తావు వ్రాసికొనినచో ఇద్దరు సుక్రాలు ఒక్కరు కారు. తాత ఆదివాసీ ఒడియాలో చెప్పినచో ఆ మాటలనే తెలుగు లిపిలో వ్రాసికొనుట మేలు.

వంశము తండ్రినుండి వచ్చునది గనుక అవ్వల పుట్టినిల్లు త్వరగా మరుగుపడును. దానిని ముందుగా అడుగవలెను. అన్న యొకటి, చెల్లెలు వేరొకటి చెప్పినచో రెండును వ్రాసి, ఎవరు ఏనాడు చెప్పిరో ప్రక్కన గుర్తింపవలెను. ఒక ప్రతి ఇంటనుంచి, రెండవదానిని వేరొక ఊరి చుట్టముల ఇంట దాచినచో, కొండవానలకు ఇంటికప్పు కారినను ఒకటి మిగులును.