పేరు 38, కొలత 357

రివాల్వర్ మీద 38 అని చెక్కి ఉంటుంది. అందులో పట్టే బుల్లెట్‌ని మైక్రోమీటర్‌తో కొలిస్తే 0.357 అంగుళమే వస్తుంది. 44 మాగ్నమ్‌కి వాడేది 0.429. 45 కోల్ట్ సంగతి ఇంకా చిత్రం. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన వాటికి 0.454, తర్వాత వచ్చిన వాటికి 0.452 అంగుళం. బ్రిటిష్ సైన్యం 1930లలో తీసుకున్న ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌ని కూడా 38 అనే పిలుస్తారు. దాని బుల్లెట్ మాత్రం 0.361.

దుకాణంలో తూటాల పెట్టె కొనుక్కుని కాల్చేవాళ్లకు ఈ లెక్కలతో పనిలేదు. తూటాలను సొంతంగా నింపుకునేవాళ్లకు మాత్రం అసలు పని ఇక్కడే మొదలవుతుంది. తూటా పేలాక ఇత్తడి తొడుగు చెక్కుచెదరకుండా మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగమూ అదే. దాన్ని శుభ్రం చేసి, సైజుకి నొక్కి, మందుకి నిప్పు అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, తూచిన తుపాకి మందు పోసి, పైన కొత్త బుల్లెట్ బిగిస్తే మళ్లీ తూటా తయారు. దీన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో సొంత వాడకానికి ఇలా నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు కాబట్టి గురి పోటీలకు వెళ్లేవాళ్లు ఎందరో గ్యారేజీలో బల్ల వేసుకుని ఈ పని చేస్తారు. మన దేశంలో పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

పేరుకీ కొలతకీ ఇంత తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే పందొమ్మిదో శతాబ్దంలోకి వెళ్లాలి. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వర్‌కి తొడుగు ఉన్న తూటాలు లేవు. సిలిండర్ గదుల్లోకి ముందువైపు నుంచి మందు పోసి, పైన సీసపు గుండు దట్టించేవారు. ఆ గుండు వ్యాసం దాదాపు 0.375 అంగుళం. వెనకనుంచి తూటా దూర్చేలా సిలిండర్‌ని ఆసాంతం తొలిచే పద్ధతి మీద రోలిన్ వైట్ 1855లో పేటెంట్ పొందాడు. దాన్ని వాడుకునే హక్కు స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉండేది. 1869లో పేటెంట్ గడువు తీరాక కోల్ట్ కంపెనీ తన పాత రివాల్వర్లను తూటాలకు తగ్గట్టు మార్చసాగింది. బ్యారెల్ పాతదే కనుక బుల్లెట్ కూడా పాత లావులోనే ఉండాల్సి వచ్చింది. అందుకని బుల్లెట్‌నీ తొడుగునీ ఒకే లావు చేసి, బుల్లెట్ అడుగుభాగాన్ని మాత్రం సన్నగా చెక్కి తొడుగులోకి దూర్చారు. 38 అన్న పేరు ఆ లావుని బట్టి వచ్చిందే.

అయితే బ్యారెల్లో సాఫీగా జారడానికి అలాంటి బుల్లెట్‌కి పూసిన కొవ్వు బయటే ఉండేది. దుమ్మూ ఇసుకా దానికి అంటుకునేవి. 1870ల మొదట్లో రష్యా సైన్యం కోసం స్మిత్ అండ్ వెసన్ తయారుచేసిన 44 రష్యన్ తూటాలో కొవ్వు నింపిన గాడులను తొడుగు లోపలికి దించారు. లోపల పట్టాలంటే బుల్లెట్ సన్నబడక తప్పదు. బుల్లెట్ సన్నబడింది కానీ పేరు మారలేదు. 44 రష్యన్ నుంచి 1907లో 44 స్పెషల్, దాన్నుంచి 1955లో 44 మాగ్నమ్ పుట్టాయి. 38 కూడా ఇదే దారిలో నడిచి, 1898లో 38 స్పెషల్ వచ్చేనాటికి 0.357 దగ్గర స్థిరపడింది. 1935లో అదే వ్యాసంతో ఇంకా శక్తిమంతమైన తూటా తెచ్చినప్పుడు ఉన్న కొలతనే పేరుగా పెట్టారు. అదే 357 మాగ్నమ్. 38 స్పెషల్ తూటా 357 రివాల్వర్లో చక్కగా పేలుతుందంటే కారణం ఇదే.

పాత పద్ధతి ఒక్క చోట బతికే ఉంది. 1887లో వచ్చిన 22 లాంగ్ రైఫిల్ తూటాలో బుల్లెట్ ఇప్పటికీ తొడుగంత లావే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది ఆ తూటాలతోనే.

ఇక రీలోడింగ్ బల్ల దగ్గరికి వద్దాం. 0.357 కొనాలా, 0.358 కొనాలా? తేడా అంగుళంలో వెయ్యో వంతు, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు. తల వెంట్రుక మందం కూడా ఉండదు. అయినా ఫలితం లక్ష్యం కాగితం మీద కనిపిస్తుంది.

ఎందుకంటే రివాల్వర్లో బుల్లెట్ ప్రయాణం పిస్టల్లో లాంటిది కాదు. తొడుగు వదిలిన బుల్లెట్ మొదట సిలిండర్ గది ముందరి ఇరుకు మూతిలోంచి వెళుతుంది. షూటర్లు దీన్ని థ్రోట్ అంటారు. అక్కడినుంచి సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఉన్న సన్నటి ఖాళీని దాటి, మెలికలు తిరిగిన గాడులున్న బ్యారెల్లోకి దూరుతుంది. కాబట్టి బుల్లెట్ సైజుని మొదట తేల్చేది బ్యారెల్ కాదు, థ్రోట్. బుల్లెట్ థ్రోట్ కన్నా సన్నగా ఉంటే పక్కలనుంచి మండే వాయువు దూసుకుపోతుంది. సీసపు బుల్లెట్ అయితే ఆ వేడికీ వేగానికీ అంచులు కరిగి, కోసుకుపోయి, బ్యారెల్ లోపల పొరలా పేరుకుంటుంది. గురి చెదురుతుంది. ఆ పొరను గీకి వదిలించడం కష్టమైన పని.

సీసం పేరుకుంటోందనగానే చాలామంది ఇంకా గట్టి మిశ్రలోహం కోసం వెతుకుతారు. తగిన సైజు లేనప్పుడు గట్టిదనం మరింత చేటు చేస్తుంది. మెత్తటి సీసం వెనకనుంచి వచ్చే ఒత్తిడికి కొద్దిగా ఉబ్బి ఖాళీని తనే మూసుకుంటుంది. మామూలు ఒత్తిడికి గట్టి బుల్లెట్ ఉబ్బదు. ముందు వ్యాసం సరిచూసి, ఆ తర్వాతే లోహం సంగతి ఆలోచించడం మేలు.

మరి కొలవడం ఎలా? తుపాకీ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, నూనె రాసిన బ్యారెల్లోంచి మెత్తటి సీసపు ముక్కను తట్టి బయటికి తీసి కొలవడం పాత పద్ధతి. కానీ స్మిత్ అండ్ వెసన్ బ్యారెల్లో గాడులు ఐదు. బేసి సంఖ్య కావడంతో ఒక గాడికి ఎదురుగా మరో గాడి ఉండదు, మామూలు మైక్రోమీటర్ అక్కడ తప్పు చెబుతుంది. థ్రోట్ గుండ్రటిది కాబట్టి దాన్ని పిన్ గేజ్‌లతో, అంటే లావు కచ్చితంగా తెలిసిన కడ్డీలతో, కొలవడం తేలిక. గేజ్‌లు లేకపోతే బుల్లెట్‌నే ముందువైపు నుంచి థ్రోట్‌లో పెట్టి చూడొచ్చు. వేలితో మెల్లగా నొక్కితే జారాలి. దానంతట అదే జారిపడితే సన్నం, ఎంత నొక్కినా కదలకపోతే లావు. ఆరు గదులూ విడివిడిగా చూడాలి, ఆరూ ఒకేలా ఉండాలని లేదు.

రాగి తొడుగు వేసిన బుల్లెట్లకు ఇంత పట్టింపు లేదు. అవి 38కి 0.357, 44కి 0.429 చొప్పున దొరుకుతాయి. సీసపువాటిని సాధారణంగా వెయ్యో వంతు ఎక్కువగా, 0.358, 0.430 చొప్పున తీసుకుంటారు. కొందరు చవకగా దొరికే 9 మిల్లీమీటర్ల పిస్టల్ బుల్లెట్లను 38లో వాడబోతారు. వాటి వ్యాసం 0.355. గురి పోవడం ఒక్కటే కాదు, తొడుగు వాటిని గట్టిగా పట్టుకోదు. ఒక తూటా పేలిన కుదుపుకి మిగతా గదుల్లోని బుల్లెట్లు ముందుకి జారి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడొచ్చు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది థ్రోట్ బ్యారెల్ కన్నా ఇరుకుగా ఉన్న రివాల్వర్. 0.452 బుల్లెట్‌ని 0.450 థ్రోట్ పిండేస్తుంది, ఆపైన 0.452 బ్యారెల్లో అది వదులుగా పోతుంది. ఇక్కడ ఎంత లావు బుల్లెట్ కొన్నా లాభం లేదు. తుపాకుల మెకానిక్ రీమర్‌తో ఆరు థ్రోట్‌లనూ ఒకే కొలతకు, బ్యారెల్ గాడుల వ్యాసం కన్నా ఒక పిసరు ఎక్కువగా, తెరిచి ఇవ్వాలి.

కొలత తేలాక కూడా ఒక పరీక్ష మిగులుతుంది. బుల్లెట్ లావైతే దాన్ని పట్టిన తొడుగూ ఉబ్బి గదిలోకి దిగకపోవచ్చు. దాన్ని బలవంతంగా దూరిస్తే ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. అందుకే అనుభవజ్ఞులు మందూ ప్రైమరూ లేని ఉత్త తూటా ఒకటి ముందు తయారుచేసి, ఆరు గదుల్లోనూ వేసి చూస్తారు. అది అడ్డులేకుండా దిగి, సిలిండర్ సాఫీగా తిరిగితేనే మందు డబ్బా మూత తీస్తారు.