బడిలో మూలపడ్డ కంప్యూటర్లు: తొలగింపునకు అడ్డు ఎక్కడ?

రాయ్‌పూర్‌లో ఇనుప తుక్కుకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లోని ఉక్కు కర్మాగారాలు, రోలింగ్ మిల్లులే అందుకు కారణం. వీధుల్లో తిరిగే కబాడీ వ్యాపారి పాత సీపీయూ పెట్టెను తూచి అక్కడికక్కడే సొమ్ము చెల్లిస్తాడు. ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు మాత్రం తన బడిలోని కంప్యూటర్‌ను అలా అమ్మివేయలేడు. అది స్టాకు రిజిస్టరులో నమోదైన ప్రభుత్వ ఆస్తి. పనికిరాకుండా పోయాక ఈ-వ్యర్థం. ఈ రెండింటికీ వేర్వేరు నిబంధనలు వర్తిస్తాయి. చిక్కంతా వాటి మధ్యనే ఉన్నది.

పాఠశాలల్లో కంప్యూటర్ విద్య కోసం కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో ఐసీటీ పథకాన్ని ప్రారంభించింది. 2018 నుంచి అది సమగ్ర శిక్షలో భాగంగా సాగుతున్నది. చాలా రాష్ట్రాలు ‘బూట్’ పద్ధతిని అనుసరించాయి. ప్రైవేటు సంస్థ యంత్రాలను నెలకొల్పి, ఐదేళ్లు నడిపి, గడువు తీరాక పాఠశాలకు అప్పగిస్తుంది. అంటే, యంత్రానికి వయసు మీరిన తరువాతే అది బడి సొంతమవుతుంది. సంస్థ నిర్వహణ బాధ్యత కూడా ఆనాటితోనే ముగుస్తుంది.

పాతదంతా వ్యర్థం కాదన్నది ఇక్కడ ముందుగా గుర్తించవలసిన విషయం. విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయాయి. సుమారు 2018కి ముందు తయారైన కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 11కు అర్హమైనవి కావు. అయినా, మెమొరీ పెంచి, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చి, లైనక్స్ వేస్తే వాటిలో అనేకం మరికొన్నేళ్లు పాఠాలకు పనికివస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చిరకాలంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పైనే నడుస్తున్నాయి. కొత్తవి వచ్చాయన్న ఒక్క కారణంతో నడిచే యంత్రాన్ని మూలకు నెట్టడం ప్రజాధనాన్ని వృథా చేయడమే.

నిజంగా పనికిరానివాటి విషయానికి వస్తే, మొదటి మెట్టు తొలగింపు అనుమతి. ఇక్కడి కార్యాలయ హిందీలో దీన్ని ‘అపలేఖన్’ అంటారు. యంత్రం నిరుపయోగమని కారణాలతో నమోదు చేయాలి, కమిటీ పరిశీలించాలి, తగిన అధికారి ఆమోదించాలి. కేంద్ర సంస్థలకు 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు, రాష్ట్ర పాఠశాలలకు రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి. ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న భయంతో సంతకానికి వెనుకాడే అధికారిని పూర్తిగా తప్పు పట్టలేము. కాని ఆ వెనుకాటు ఖరీదు ఒక తరగతి గది.

రెండో మెట్టు అమ్మకం. ప్రభుత్వ ఆస్తిని ఎక్కువ ధరకు పాడినవారికి ఇవ్వడం ఆనవాయితీ. ఈ-వ్యర్థం విషయంలో అది చాలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, భారీ వినియోగదారులు తమ ఈ-వ్యర్థాన్ని నమోదిత ఉత్పత్తిదారుకు, పునరుద్ధరణదారుకు లేదా రీసైక్లర్‌కు మాత్రమే అప్పగించాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా కనీసం 1000 ఉపకరణాలు వాడిన సంస్థ భారీ వినియోగదారు. 2016 నాటి నిబంధనలు విద్యాసంస్థలను ఈ కోవలో పేరు పెట్టి చెప్పాయి. కొత్త నిబంధనలు సంఖ్యను కొలమానంగా తీసుకున్నాయి. పది కంప్యూటర్లున్న బడి విడిగా ఈ పరిధిలోకి రాదు. వందలాది బడులున్న శాఖను ఒక్కటిగా లెక్కిస్తే వస్తుంది.

ఈ తేడా కాగితాలకే పరిమితం కాదు. పాత సీఆర్‌టీ మానిటర్ గాజులో సీసం, తొలితరం ఎల్‌సీడీ తెరల దీపాల్లో పాదరసం ఉంటాయి. రాగి కోసం తీగలను బహిరంగంగా కాల్చితే విషవాయువులు వెలువడతాయి. ఆ పొగ ముందుగా చేరేది తుక్కు ఏరి బతికే కుటుంబాల ఇళ్లకే. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల ప్రకారం దేశంలో ఈ-వ్యర్థం 2019-20లో సుమారు 10.15 లక్షల టన్నులు కాగా, 2021-22 నాటికి 16 లక్షల టన్నులు దాటింది.

తరచూ మరచిపోయేవి మరి రెండున్నాయి. యూపీఎస్ బ్యాటరీలు ఈ-వ్యర్థాల కిందికి రావు; వాటికి 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వేరుగా ఉన్నాయి. ఇక హార్డ్ డిస్క్‌లో విద్యార్థుల మార్కులు, చిరునామాలు, ఆధార్ ప్రతులు ఉండవచ్చు. ఫైళ్లను డిలీట్ చేసినంత మాత్రాన ఆ సమాచారం చెరిగిపోదు. డిస్క్‌పై కొత్త సమాచారం పూర్తిగా తిరగరాయాలి, లేదా డిస్క్‌ను ధ్వంసం చేయాలి.

పది యంత్రాల కోసం ఏ రీసైక్లర్ లారీ పంపడు. వాటిని ఒకచోట చేర్చడమే ఆచరణకు వీలైన మార్గం. కేరళలో ‘కైట్’ సంస్థ పాఠశాలల ఈ-వ్యర్థాన్ని క్లీన్ కేరళ కంపెనీకి అప్పగించే ఏర్పాటు చేసింది. రాయ్‌పూర్ జిల్లాలో ధర్‌సీవా, ఆరంగ్, అభన్‌పూర్, తిల్దా వికాస్‌ఖండాలున్నాయి. వికాస్‌ఖండానికి ఒక సేకరణ రోజు నిర్ణయించి, ఒకే కమిటీ, ఒకే ఈ-వేలంతో పని ముగించవచ్చు. కొనుగోలుదారు నమోదు వివరాలను కేంద్ర మండలి పోర్టల్‌లోనో, నవా రాయ్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ పర్యావరణ సంరక్షణ మండలి ద్వారానో ముందుగా సరిచూసుకోవాలి. అప్పగింత రసీదు అందాకే స్టాకు రిజిస్టరులో ఆ యంత్రం పేరు కొట్టివేయాలి.