పాత బండికి రెండు దారులు

1932వ సంవత్సరంలో అమెరికాలో ఫోర్డు సంస్థ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుడు కొనగల కారులో అమర్చింది. ఆ యేడే నిజాం రాజ్యపు రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు ప్రారంభించింది. నేడు బాన్సువాడ డిపో నుండి బయలుదేరే ప్రతి బస్సుకూ మూలం ఆ ప్రారంభమే.

అమెరికా యువకులు పాత ఫోర్డు బండ్లను చౌకగా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, పైకప్పును కోసి కురచ చేసి, ఇంజను బలం పెంచి, కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సులలో పందెములకు దింపారు. అవే ‘హాట్ రాడ్’లు. బరువు తగ్గి బలం పెరిగితే వేగం హెచ్చుతుందన్నదే అందలి సూత్రం.

ఇక్కడ వేరొక మార్గం అనుసరించారు. ఆనాటి ఆల్బియన్ బస్సు నొకదానిని ఆర్టీసీ బాగుచేయించి, పూర్వరూపంతోనే హైదరాబాదులో భద్రపరచింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన సైతం, యాభై యేండ్లు దాటియు చట్రంలో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పు పొందని వాహనాన్నే ‘వింటేజి’గా గుర్తిస్తున్నది. అయితే అది సొంత కార్లకు, ద్విచక్ర వాహనాలకు మాత్రమే. ధాన్యపు బస్తాలు మోసిన లారీకి అందులో చోటు లేదు.

వేగం కోరినవాడు పాత బండిని కోస్తాడు. జ్ఞాపకం కోరినవాడు నిలుపుతాడు. ఊరికి తిండి మోసిన బండిని మాత్రం తూకానికి అమ్ముతున్నాము. చరిత్ర పాఠంలో దానికొక పంక్తి అయినా దక్కవద్దా?