కొన్న కూరగాయ కుళ్లకముందే

గోదావరిఖనిలో జీతాల వారం వచ్చిందంటే కూరగాయల మార్కెట్‌కు కళ వస్తుంది. షిఫ్టు దిగినవాళ్లు అటే వెళ్లి, వారం పది రోజులకు సరిపడా సంచులు నింపుకుని ఇంటికి వస్తారు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి ఉన్న ఇంట్లో రోజూ మార్కెట్‌కు వెళ్లడం కుదరదు కదా. అయితే మా మే నెల ఎండకు నాలుగో రోజుకే టమాటా మెత్తబడుతుంది, బెండకాయ వడలుతుంది, కొత్తిమీర నల్లబడుతుంది. వారం తిరిగేసరికి సంచిలో కొంత చెత్తబండికి పోతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో జరిగినదే. మన దేశంలో ఇళ్లలో పారేసేది మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా. తొక్కలు, ఎముకలు కూడా ఈ లెక్కలోనే ఉన్నాయనుకోండి. అయినా అయిదుగురున్న ఇంటికి అది 275 కిలోలు. జకాత్ లెక్కను రూపాయి పొల్లుపోకుండా కట్టే మనం ఈ లెక్క మాత్రం ఎప్పుడూ కట్టం. ఇస్రాఫ్ అనగానే పెళ్లి విందులో పారేసిన బిర్యానీ గుర్తుకొస్తుంది గానీ, వంటింటి మూలన నీరుకారుతున్న టమాటాలు గుర్తుకు రావు.

మన పెద్దవాళ్లకు ఎండబెట్టడం బాగా తెలుసు. కాకర ఒరుగులు, మామిడి ఒరుగులు, నీడన ఆరబెట్టిన చింతచిగురు డబ్బాల్లో ఉండేవి. ఎండకు కరువు లేని ఊరు మాది. కానీ ఓసీపీల దగ్గరి కాలనీల్లో ఉదయం డాబా మీద పరిచిన తెల్లగుడ్డ సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. బొగ్గు దుమ్ము పడే చోట ఒరుగులు పెట్టడం కష్టం. ఆ పనిని కొంతవరకు ఫ్రిజ్‌లోని పై అర, మన వాడుకలో డీప్, చేయగలదు. చాలా ఇళ్లలో అందులో ఒక ఐస్ ట్రే, బక్రీద్ తర్వాత కొన్నాళ్లు మాంసం తప్ప మరేమీ ఉండదు.

గడ్డకట్టినప్పుడు జరిగేది మేము బడిలో చెప్పే పాఠమే. కూరగాయలో ఎక్కువ భాగం నీరు. నీరు మంచుగా మారితే దాని పరిమాణం పెరుగుతుంది. నిండా నింపి మూత బిగించిన గాజు సీసా డీప్‌లో పగిలేది అందుకే. కాయలోని కణాలకూ అదే జరుగుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాల గోడలను చీలుస్తాయి. బయటికి తీశాక ముక్క నీరుకారి మెత్తబడుతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవిగా ఉండి నష్టం తగ్గుతుంది. అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్‌సై 1910లలో నేటి కెనడాలోని లాబ్రడార్‌లో ఉండగా, అక్కడి ఇన్యుయిట్ ప్రజలు పట్టిన చేప గడ్డు చలిలో ఇట్టే గడ్డకట్టడం, నెలల తర్వాత కూడా రుచిగా ఉండడం గమనించాడు. నేటి ఫ్రోజెన్ ఆహార వ్యాపారానికి మూలం అదే. మన ఇంట్లో ఆ చలి లేదు కాబట్టి చిన్న చిన్న ప్యాకెట్లు చేసి, వాటిని పలుచగా పరచి, ఒకేసారి అన్నీ కాకుండా కొద్దికొద్దిగా పెట్టాలి.

చాలామంది వదిలేసే మెట్టు ఇంకొకటి ఉంది. కాయను పండించే, ముదిరించే ఎంజైములు చలిలో కూడా నెమ్మదిగా పనిచేస్తూనే ఉంటాయి. అందుకే పచ్చివిగానే పెట్టిన బీన్స్ కొన్ని వారాలకు రంగు మారి గడ్డివాసన కొడతాయి. వాటిని ఆపాలంటే ముందుగా మరిగే నీళ్లలో కాసేపు ముంచి తీయాలి. వంట పుస్తకాల్లో దీన్నే బ్లాంచింగ్ అంటారు. అర కిలో ముక్కలకు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. బఠానీకి ఒకటిన్నర నిమిషం, చిన్నగా తరిగిన క్యారెట్‌కు రెండు నిమిషాలు, బీన్స్‌కు, గోబీకి, లేత బెండకాయలకు మూడు నిమిషాలు. బెండకాయలను కోయకుండా ముంచితే జిగురు బయటికి రాదు. తీసిన వెంటనే ఐసు వేసిన నీళ్లలో అంతే సేపు ఉంచి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనివ్వాలి. పళ్లెంలో పరచి గట్టిపడ్డాక కవర్లో పోసి, గాలి నొక్కేసి, పైన తేదీ రాయాలి. తేదీ రాయని కవరు చివరికి చెత్తబుట్టకే పోతుంది.

టమాటాకు ఈ తంతు అక్కరలేదు. కడిగి, తుడిచి, కాయలుగానే పెట్టవచ్చు. కుళాయి కింద పట్టుకుంటే తొక్క ఊడి వస్తుంది. కూరకు, ఖీమాకు పనికొస్తుంది గానీ పచ్చిగా తినడానికి కాదు. 2023 జులైలో కిలో నూట యాభై దాటినప్పుడు, వేసవిలో దాచినవారికే దాని విలువ తెలిసింది. అల్లం వెల్లుల్లి ముద్ద, చలికాలంలో చవకగా దొరికే నిమ్మకాయల రసం ఐస్ ట్రేలో గడ్డకట్టించి కవర్లో వేసుకోవాలి. ఖట్టీ దాల్‌కు మామిడికాయ ముక్కలు, చిగుర్ గోష్త్‌కు చింతచిగురు దాచుకోవచ్చు. జగిత్యాల వైపు నుంచి వచ్చే మామిడిపండ్ల గుజ్జు, సీతాఫలం గుజ్జు కొంచెం నిమ్మరసం కలిపి పెడితే నల్లబడవు. మాగిపోయిన అరటిపండ్లను తొక్క తీసి పెడితే మిల్క్‌షేక్‌కు సరిపోతాయి. కీర, పుచ్చకాయ, పచ్చి ఆలుగడ్డ మాత్రం వద్దు. సొరకాయ ఏడాది పొడవునా దొరికేదే, దాన్ని దాచడం గ్యాసు దండగ.

ఎంతకాలం నిలుస్తాయన్నది ఫ్రిజ్‌ను బట్టి ఉంటుంది. మైనస్ 18 డిగ్రీలు నిలిచే ఫ్రీజర్‌లో ఎనిమిది నెలలు, ఆపైన కూడా బాగుంటాయి. ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లలో అంత చలి నిలవడం కష్టం. ఐస్‌క్రీం పెట్టి చూడండి. రాయిలా ఉంటే సరే, చెంచా సులువుగా దిగితే మీ సరుకును కొన్ని వారాల్లోనే వాడేయండి. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం పక్కనే ఉన్నా గాలివానకు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. అప్పుడు తలుపు తీయకండి. సెలవులకు ఊరెళ్లేముందు ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే, మధ్యలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు లోపలివి తినకపోవడమే మేలు.

ఎందుకంటే చలికి సూక్ష్మజీవులు చావవు, పెరగకుండా ఆగుతాయంతే. మన సంఘం దాతలతో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఇఫ్తార్‌లో మిగిలిన కోసిన పండ్లను డీప్‌లో పెట్టి మర్నాడు ఎవరికైనా ఇద్దామని కొందరు మంచి మనసుతోనే అడుగుతుంటారు. గంటల తరబడి బయట ఉండి, ఈగలు వాలి, పది చేతులు తగిలిన ముక్కను గడ్డకట్టిస్తే దాని దోషం కూడా భద్రంగా నిలిచి ఉంటుంది. మన పిల్లలకు పెట్టలేనిది పక్కింటి పిల్లలకు పెట్టకూడదు. కోయని పండ్లను మాత్రం ఆ రాత్రే పంచేయాలి. ఒకే శుక్రవారం నలుగురైదుగురు దాతలు డజన్ల కొద్దీ అరటిపండ్లు పంపితే ఏ ఫ్రిజ్ కూడా సరిపోదు. ఒకరోజు ముందుగా ఒక్క ఫోన్ చేస్తే ఒకరు అరటిపండ్లు, ఒకరు ఖర్జూరం, ఇంకొకరు నిమ్మకాయలు తెచ్చేలా చూడవచ్చు. ఖర్జూరం నెల తర్వాతైనా పనికొస్తుంది, అరటిపండు మూడు రోజులు ఆగదు.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2026లో ఫిబ్రవరికి వచ్చింది. పచ్చి బఠానీ చవకగా దొరికేది సరిగ్గా దానికి ముందు, జనవరిలో. నెల పొడవునా సహరీకి ఖీమా మటర్ వండే ఇళ్లు ఆ నెలలో ఒక ఆదివారం దీనికి కేటాయించుకోవచ్చు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒలిస్తే అయిదు కిలోల కాయకు గింజలు ఎన్ని వచ్చాయో తూచి చూడండి, తొక్క బరువే ఎక్కువని తెలుస్తుంది. ఆ తొక్కలు మేకలకు వేయవచ్చు.