తప్పు జరిగితే ప్రోగ్రామ్ ఆగాలా, జవాబుగా చెప్పాలా?



కంప్యూటర్ కోర్సుల్లో చేరిన పిల్లలకు త్వరలోనే ఎదురయ్యే సందేహం ఇది. భివండీలో సాంచెల చప్పుడు మధ్య పెరిగినవారికి దీన్ని చెప్పడం తేలిక.

సాదా సాంచె మీద పేక పోగు తెగితే సాంచె దానంతట అదే ఆగుతుంది. పడుగు పోగు తెగితే చాలా సాంచెలు ఆగవు. నేసేవారే చూసి ముడి వేయాలి. చూడకపోతే బట్టలో నిలువునా గీత పడుతుంది.

ప్రోగ్రామింగ్‌లోనూ ఇవే రెండు దారులు. మొదటిది ఎక్సెప్షన్. పని అక్కడే ఆగి, తప్పు సంగతి పై ఫంక్షన్‌కు వెళ్తుంది. ఎవరూ పట్టుకోకపోతే ప్రోగ్రామే ఆగిపోతుంది. రెండోది, ఫంక్షన్ తప్పును జవాబుగా తిరిగి ఇవ్వడం. సీ, గో భాషల్లో ఇదే వాడుక. పైథాన్‌లో రెండూ ఉన్నాయి. వాక్యంలో వెతికిన మాట లేకపోతే 'ఫైండ్' -1 ఇస్తుంది, 'ఇండెక్స్' ఎక్సెప్షన్ ఇస్తుంది. ఆ -1ను చూసుకోకుండా స్థానంగా వాడితే పైథాన్ చివరి అక్షరాన్ని చూపుతుంది. ప్రోగ్రామ్ నడుస్తుంది, ఫలితం తప్పు.

మరి ఎప్పుడు ఏది? నేను బ్యాంకులో ఉండగా ఖాతాలో డబ్బు చాలని చెక్కు వస్తే, కారణం రాసిన మెమోతో తిప్పి పంపేవాళ్లం. అందుకోసం కౌంటర్ మూసేవాళ్లం కాదు. సాయంత్రం క్యాష్ లెక్క కుదరకపోతే మాత్రం ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు. అలాగే తప్పు పాస్‌వర్డ్, దొరకని పేరు వంటి మామూలు విషయాలను కారణంతో సహా తిరిగి ఇవ్వండి. ముందుకు వెళ్తే లెక్కంతా పాడయ్యే చోట ఎక్సెప్షన్ వాడండి.

అయితే ఆపడంతో పని అయిపోదు. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, ప్రయోగ క్రమం మొదలైన సుమారు 40 సెకన్లకు ధ్వంసమైంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చేచోట ఎక్సెప్షన్ వచ్చింది. దాన్ని పట్టుకునే కోడ్ లేదు. దిశ తెలిపే యంత్రమూ, దానికి తోడుగా పెట్టిన రెండోదీ ఆగిపోయాయి. నిజానికి రాకెట్ లేచాక ఆ లెక్క అవసరమే లేదు.

ఎక్సెప్షన్‌ను పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేయడం కూడా పొరపాటే. తెగిన పోగు కనబడినా సాంచె నడిపినట్టే అది.

తల్లిదండ్రులారా, ఈ చదువు మనకు తెలియదని వెనకడుగు వేయకండి. పిల్లలను సాంచె దగ్గరికి పిలిచి తెగిన పోగు చూపించండి. సగం పాఠం అక్కడే ఉంది.