పరుగు గాయముల పరిశోధనశాల - దాని శిష్యపరంపర

ఒక పరిశోధనశాల గొప్పతనమును అందలి యంత్రములనుబట్టి గాని, భవనమునుబట్టి గాని నిర్ణయింపరాదు. యంత్రములు పాతబడును, భవనములు చేతులు మాఱును. అందు విద్య నేర్చినవారు ఏ ప్రశ్నను తమవెంట గొనిపోయిరి, దానికెట్టి సమాధానములు సాధించిరి అనునదే దాని నిజమైన కొలమానము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని డెలావేర్ విశ్వవిద్యాలయమున నెలకొనిన పరుగు గాయముల పరిశోధనశాల ఇందుకు చక్కని నిదర్శనము.

ఈ శాలను నడపిన ఆచార్యురాలు ఐరీన్ డేవిస్. ఆమె అంగవ్యాయామ చికిత్సయందును, జీవయాంత్రికశాస్త్రమునందును నిపుణురాలు. ఎముకలు, కీళ్లు, కండరములు కదలునపుడు వానిపై బడు బలములను యంత్రశాస్త్ర సూత్రములతో కొలిచి వివరించునది జీవయాంత్రికశాస్త్రము. ఆమె ఈ శాస్త్రము నభ్యసించినది పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున. పరుగెత్తువాని పాదము నేలను తాకునపుడు కలుగు బలములను గూర్చి పీటర్ కావనా, లాఫార్టూన్ అను శాస్త్రజ్ఞులు 1980లో ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధన అచ్చటి విద్యాపరంపరకు చెందినదే.

ఆ శాల చేపట్టిన ప్రశ్న మాటకు సులభమైనది. పరుగులో ప్రతి అడుగునను నేలనుండి దేహమునకు తగులు బలము దేహభారమునకు రెండు మూడు రెట్లుండును. 60 కిలోల మనిషికి అది 120 మొదలు 180 కిలోల బరువుతో సమానము. అరగంట పరుగులో ఇట్టి అడుగులు దాదాపు 5,000 పడును. ఇందఱును ఒకే నేలపై పరుగెత్తుచుండగా, ఒకరు ఏండ్ల తరబడి సుఖముగా నుండుటకును, మఱియొకరు కొలది నెలలకే మోకాలు పట్టుకొని కూర్చుండుటకును కారణమేమి? ఆ కారణము పరుగెత్తు తీరులోనే యున్నచో, ఆ తీరును మార్చుట సాధ్యమా?

దీనిని తేల్చుటకు నేలలో బలమును కొలుచు పలకను అమర్తురు. కాళ్లకు మెఱయు గుర్తులనంటించి, చుట్టును గల కెమెరాలతో ప్రతి కీలు కదలికను పట్టుదురు. ముంగాలి యెముకపై చిన్న పరికరమును కట్టి, అడుగు పడినపుడు దాని కదరుపాటును లెక్కింతురు. బలమెంత యనుట యొక్కటే చాలదు. అది యెంత వేగముగా పెరిగినదో కూడ చూడవలయును. ఒకే బరువును మెల్లగా దింపుటకును, దభాలున పడవేయుటకును గల భేదమే యిది.

ఆ శాలలో పనిచేసిన క్లేర్ మిల్నర్, సహపరిశోధకులతో కలసి 2006లో ఒక ఫలితమును ప్రకటించెను. ముంగాలి యెముక లోగడ నెఱ్ఱెవాసిన స్త్రీలలో, అట్టి గాయము లేనివారికంటె, అడుగుబలము వేగముగా పెరుగుచున్నదని తేలినది. అయితే ఈ కొలతలు గాయము తగిలిన పిదప తీసినవి. ఆ తీరు గాయమునకు కారణమో, గాయము మిగిల్చిన ఫలితమో చెప్పుట కష్టము.

ఈ చిక్కును విప్పుటకు బ్రయన్ నోరెన్ అను శిష్యుడు వేఱొక మార్గము ననుసరించెను. గాయములేని స్త్రీలను ముందుగా కొలిచి, తరువాత ఎవరికి నొప్పి వచ్చునో కనిపెట్టిచూచు పద్ధతి యది. 2007లో వెలువడిన ఈ పరిశోధనను బట్టి, తొడ వెలుపలి పట్టీ మోకాలివద్ద నొప్పిపెట్టినవారిలో, ఆ నొప్పికి పూర్వమే తొడ లోపలికి ఒరుగుట యెక్కువగా నుండెను.

తొడ లోపలికి ఒరుగుచున్నచో తుంటి కండరములకు బలము చేకూర్చిన చాలునని యెవరికైనను తోచును. రిచర్డ్ విల్లీ అను శిష్యుడు డేవిస్‌తో కలసి ఈ తలంపునే పరీక్షకు పెట్టెను. 2011లో ప్రకటితమైన ఆ ఫలితము ఆశ్చర్యకరమైనది. వ్యాయామముచే కండరములు బలపడినవి. ఒంటికాలిపై గుంజీ తీయు తీరు మెఱుగుపడినది. పరుగు తీరు మాత్రము మాఱలేదు. బలము వేఱు, అలవాటు వేఱు. అలవాటును అలవాటుచేతనే మార్పవలయును.

ఆ సంవత్సరమే నోరెన్ బృందము, మోకాలిచిప్ప నొప్పిగల 10 మందిని ట్రెడ్‌మిల్లుపై పరుగెత్తించుచు, వారి తుంటి కోణమును ఎదుటి తెరపై అప్పటికప్పుడు చూపెను. 8 శిక్షణలలో ఆ తెర సాయమును క్రమముగా తగ్గించిరి. తీరు మాఱినది, నొప్పి తగ్గినది. నెల తరువాతను ఆ మేలు నిలిచినది. 2012లో విల్లీ ఆ ఖరీదైన తెరకు బదులు ఒక నిలువుటద్దమునుంచి, 10 మంది స్త్రీలకు ఇట్టి శిక్షణనే యిచ్చెను. మూడు నెలల పిమ్మటను ఫలితము చెడలేదు. కెమెరాలు కనుగొనిన సత్యమును సామాన్య చికిత్సాలయములకు అందించినది అద్దమే.

డేవిస్ సహపరిశోధకుడైన రాయ్ చుంగ్ హాంకాంగులో ఈ బాటను మఱింత దూరము సాగించెను. క్రొత్తగా పరుగు మొదలిడిన 320 మందిపై ఆయన బృందము జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. మెత్తగా అడుగువేయ నేర్చినవారికి ఏడాదిలో గాయములు 62 శాతము తక్కువగా కలిగినవి. అయినను మేలు ఉచితముగా రాలేదు. శిక్షణ లేనివారికి అరికాలి నొప్పి, మోకాలిచిప్ప నొప్పి హెచ్చుగా రాగా, శిక్షణ పొందినవారిలో గాయపడినవారికి పిక్కయు, మడమ వెనుకటి స్నాయువును నొచ్చినవి. ఒకచోట దింపిన భారమును మఱియొకచోటు మోయవలసివచ్చెను. కావున తీరును మార్చుకొనదలచినవారు తొందరపడక, నిపుణుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా మార్చుకొనవలయును.

ఈ సిద్ధాంతమునకు ఎదురు లేకపోలేదు. అడుగు తాకిడియే గాయములకు ప్రధానకారణమను వాదమును, కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెన్నో నిగ్ 2001లోనే ప్రశ్నించెను. విశేషమేమన, డేవిస్ శాలలో పరిశోధన చేసిన రీడ్ ఫెర్బర్ పరుగు గాయముల చికిత్సాలయమును నెలకొల్పినది ఆ కాల్గరీలోనే. గురువు మాటను చిలుకపలుకులుగా వల్లించువాడు కాక, దానిని కొలిచి చూచువాడే ఈ విద్యలో శిష్యుడు.

డేవిస్ తరువాత డెలావేరును వీడి హార్వర్డు వైద్యకళాశాలకు సంబంధించిన పరుగు పరిశోధన కేంద్రమునకు వెళ్లెను. శిష్యులు వేర్వేఱు విశ్వవిద్యాలయములలో స్థిరపడిరి. ఐనను మొదటి ప్రశ్న చెదరిపోలేదు. మిల్నర్ దానికి కొలత నిచ్చెను. నోరెన్ కారణమును వెదకెను. విల్లీ ఒక నమ్మకమును తోసివేసి అద్దమును చూపెను. మోకాలి నొప్పితో పరుగు మానుకొనవలసినదేయని తలంచినవానికి, మానుకొనుట కాదు, మార్చుకొనుటయు సాధ్యమేయని చెప్పగలుగుట ఈ పరంపర సాధించిన ఫలము.